రెండో ఫొటో అవసరం పడకుండా: జిల్లా ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్ పని

శ్రీకాకుళం జిల్లాలో ఏ ఆసుపత్రి ఎక్స్‌రే గది ముందు నిలుచున్నా ఎక్కువగా వినబడే మాట ‘ఫొటో’. గుండెకి ఫొటో తీయించమన్నారని ఒకరు, కాలి ఫొటో ఇంకా రాలేదని ఒకరు, పాత ఫొటో ఇంటి దగ్గర ఉండిపోయిందని ఇంకొకరు చెబుతుంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు గానీ, దాని వెంట ఒక అపోహ కూడా వస్తుంది. మామూలు ఫొటో కుదరకపోతే ఇంకొకటి తీసుకోవచ్చు, దానివల్ల ఎవరికీ నష్టం ఉండదు. ఎక్స్‌రే కుదరకపోతే ఇంకొకటి తీయడమంటే అదే మనిషి శరీరం గుండా మరోసారి రేడియేషన్ పంపడం. ఆ మోతాదు చిన్నదే కావచ్చు, అయినా పాడైపోయిన మొదటి చిత్రం వల్ల రోగికి దక్కిన ప్రయోజనం ఏమీ లేదు. అందుచేత ఎక్స్‌రే తీసే రేడియోగ్రాఫర్ నైపుణ్యాన్ని, రెండోసారి మీట నొక్కే అవసరం ఎంత తక్కువగా వస్తోందన్న దాన్నిబట్టి కొలవాలి. ఎక్స్‌రే పడేది సెకనులో చిన్న భాగం మాత్రమే. ఆ క్షణానికి ముందు గడిచే మూడు నాలుగు నిమిషాల్లోనే అసలు పనంతా జరుగుతుంది.

నిత్యం అన్నిటికన్నా ఎక్కువమందికి తీసేది ఛాతీ ఎక్స్‌రే, చూడ్డానికి తేలికగా కనిపించేదీ అదే. నిలబడగలిగిన రోగిని, ఎక్స్‌రేను అందుకుని చిత్రంగా మార్చే పలక అయిన డిటెక్టరుకు ఛాతీ ఆనేలా, కిరణాలు వెలువడే ట్యూబు వైపు వీపు ఉండేలా నిలబెట్టి, ట్యూబును 180 సెంటీమీటర్ల దూరంలో ఉంచుతారు. ఇదంతా నీడల లెక్క. దీపానికీ గోడకీ మధ్య చెయ్యి పెట్టినప్పుడు, గోడకు దగ్గరగా ఉన్నంతసేపు నీడ చేతి అంతే ఉంటుంది, దీపానికి దగ్గరైనకొద్దీ పెరిగిపోతుంది. గుండె ఛాతీ ముందు భాగాన ఉంటుంది కనుక, ఛాతీని డిటెక్టరుకు ఆనించి ట్యూబును దూరంగా పెడితే గుండె నీడ దాని అసలు పరిమాణానికి దగ్గరగా పడుతుంది. మంచం మీంచి లేవలేని రోగికి డిటెక్టరును వీపు కింద పెట్టి, పై నుంచి తక్కువ దూరంలో తీసినప్పుడు అదే గుండె పెద్దదిగా కనిపిస్తుంది. పడుకోబెట్టి తీసిన సంగతి చిత్రం మీద రాయకపోతే, లేని గుండె వాపు ఉన్నట్టు డాక్టరుకు తోచే ప్రమాదం ఉంది.

ఊపిరి సంగతి ఇంకా సున్నితమైనది. రోగి నిండుగా గాలి పీల్చినప్పుడు ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరం కిందికి దిగి, దానికి పైన వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు అందుతాయి. సగం ఊపిరితో తీస్తే ఊపిరితిత్తుల కింది భాగం ముడుచుకుని తెల్లగా కనిపించి, న్యుమోనియా ఉందేమోనన్న అనుమానం కలిగిస్తుంది. అంటే ఛాతీ ఎక్స్‌రే నాణ్యత యంత్రం ధర కన్నా రోగి ఊపిరి బిగపట్టడం మీద ఎక్కువగా ఆధారపడుతుంది, అది రేడియోగ్రాఫర్ వాడే మాట మీద ఆధారపడుతుంది. ‘దీర్ఘశ్వాస తీసుకుని నిలిపి ఉంచండి’ అనే పుస్తకాల వాక్యం మందస దగ్గరి పల్లె నుంచి వచ్చిన ముసలామెకు అందదు. ‘గాలి పీల్చమ్మా, ఇంకా పీల్చు, అట్టే బిగపట్టు’ అంటే అందుతుంది. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవారిలో ఇంట్లో ఒడియా మాట్లాడేవారు ఉంటారు. మెళియాపుట్టి, మందస కొండల నుంచి దిగి వచ్చే సవర రోగుల్లో, ముఖ్యంగా పెద్ద వయసు వారిలో, తెలుగు అంతంత మాత్రమే. అలాంటప్పుడు రేడియోగ్రాఫర్ తానే ఎదురుగా నిలబడి ఊపిరి పీల్చి చూపించి, రోగి చేత ఒకసారి ఉత్తినే చేయించి, ఆ తర్వాతే కంట్రోల్ ప్యానెల్ దగ్గరికి వెళ్లడం మంచి పద్ధతి. దానికి పట్టే అర నిమిషం, బయట నలభై మంది వరుసలో ఉన్నప్పుడు చాలా పెద్దదిగా అనిపిస్తుంది. కానీ ఆ అర నిమిషం మిగుల్చుకోబోయి చిత్రం పాడు చేసుకుంటే పోయేది ఐదు నిమిషాలు, దాంతోపాటు ఇంకొక మోతాదు.

ఫిల్ము పోయి డిజిటల్ రావడంతో ఈ పని తేలికైందన్న అభిప్రాయం బలంగా ఉంది. చీకటి గది, డెవలపర్, ఫిక్సర్ వాసన, తడి ఫిల్ములు ఆరబెట్టే క్లిప్పులు లేకపోవడం నిజంగా పెద్ద ఊరటే. అయితే ఫిల్ము ఒక మేలు చేసేది, అది తప్పును దాచేది కాదు. మోతాదు ఎక్కువైతే ఫిల్ము నల్లబడిపోయేది, తక్కువైతే వెలవెలబోయేది. ఏ పొరపాటు చేసినా కళ్ళ ముందే కనబడేది. చిత్రాన్ని పట్టాక వేరే యంత్రంలో చదివించే ఇప్పటి సి.ఆర్. క్యాసెట్లలోనూ, నేరుగా కంప్యూటరుకు పంపే డి.ఆర్. ప్యానెళ్లలోనూ సాఫ్ట్‌వేర్ చిత్రం వెలుగునీడలను తానే సరిదిద్దుతుంది. మోతాదు మరీ తగ్గితే చిత్రం ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది కనుక డాక్టరు పట్టుకుంటారు. మోతాదు అవసరానికి రెండింతలైతే మాత్రం చిత్రం ఇంకా నున్నగా, అందంగా వస్తుంది. దాని మీద ఫిర్యాదు చేసేవారు ఎవరూ ఉండరు. గరుకు వచ్చిందని మాట పడటం ఇష్టం లేని రేడియోగ్రాఫర్ ఎక్స్‌రే ఎంత పడాలో నిర్ణయించే ఎం.ఎ.ఎస్. అంకెను కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడానికి ఇదే కారణం. నెలలు గడిచేసరికి ఆ పెరిగిన అంకెలే ఆ గదిలో మామూలు అంకెలుగా స్థిరపడిపోతాయి, కొత్తగా చేరినవారు వాటినే నేర్చుకుంటారు.

దీనికి విరుగుడు ప్రతి చిత్రంతోపాటు యంత్రం చూపించే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అనే అంకె. డిటెక్టరుకు చేరిన రేడియేషన్ ఎంతో అది చెబుతుంది. ఒకప్పుడు ఈ అంకెను ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా చూపించేది, ఒకరి యంత్రంలో మోతాదు పెరిగితే అంకె పెరిగేది, మరొకరి దానిలో తగ్గేది. 2008లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చాక ఆ గందరగోళానికి ఒక దారి ఏర్పడింది. అంకె ఉన్నా, దాన్ని చూసే అలవాటు లేకపోతే ప్రయోజనం లేదు. పాడైన చిత్రాల విషయమూ అంతే. ఫిల్ము రోజుల్లో చెడిపోయినవి మూల డబ్బాలో పేరుకునేవి, వాటిలోని వెండి కోసం కొనుక్కెళ్లేవారు ఉండేవారు గనుక లెక్క ఎలాగూ తేలేది. ఇప్పుడు ఒక్క మీట నొక్కితే పాడైన చిత్రం జాడ లేకుండా పోతుంది. రోగి కదిలాడా, ఊపిరి వదిలేశాడా, మెడలో గొలుసు తీయించడం మరిచిపోయారా, కోణం తప్పిందా అన్న కారణంతో సహా ప్రతి తిరస్కరణనూ ఒక పుస్తకంలో రాసుకుని నెలకోసారి చూసుకోవడం కన్నా చవకైన నాణ్యతా పద్ధతి ఈ శాఖలో మరొకటి లేదు. అది ఎవరినీ శిక్షించడానికి వాడకూడదు; శిక్షకు వాడిన మరుసటి రోజే ఆ పుస్తకంలో రాతలు ఆగిపోతాయి.

శ్రీకాకుళం జిల్లాలో సీటీ గదికి ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాల్లో, మధుమేహం వల్లనో రక్తపోటు వల్లనో అని చెప్పలేని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. ఆ రోగుల కోసమే పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధి చాలా ముదిరే వరకు లక్షణాలు చూపించదు. సీటీలో రక్తనాళాలు, కణుతులు స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు శరీరం నుంచి బయటికి పోవలసింది మూత్రపిండాల గుండానే. మూత్రపిండాల వడపోత శక్తిని తెలిపే ఇ.జి.ఎఫ్.ఆర్. అంకె 30 కన్నా దిగువన ఉన్నవారిలో ఈ మందు విషయంలో డాక్టర్లు మరింత జాగ్రత్త పడతారు. కాబట్టి పొట్ట నొప్పితో వచ్చిన నలభై ఏళ్ల కొబ్బరి రైతు ‘నాకే జబ్బూ లేదు’ అని నిజాయితీగానే చెప్పినా, అతని ఊరు కంచిలి అని తెలిశాక మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష, అంటే తాజా క్రియాటినిన్ రిపోర్టు చూడకుండా మందు ఎక్కించడం సరికాదు. ఇంకోచోట మర్యాద కోసం అడిగే ‘మీది ఏ ఊరు?’ అన్న ప్రశ్న ఇక్కడ వైద్య ప్రశ్నే. ఒళ్ళు నొప్పులకు ఏ బిళ్ళలు వేసుకుంటున్నారని కూడా అడగాలి, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు మూత్రపిండాల మీద భారం వేసి ఈ లెక్కను మార్చేస్తాయి.

డయాలసిస్ రోగుల విషయంలో తెలుసుకోవలసినవి ఇంకా ఉన్నాయి. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసిన ఫిస్టులా ఆ రోగికి ప్రాణాధారం. సీటీ మందు కోసం ఆ చేతికి సూది గుచ్చకూడదు, రక్తపోటు పట్టీ కూడా కట్టకూడదు. ఫిస్టులా చేయని వారికి మెడ పక్కన గొట్టం వేసినప్పుడు, దాని కొస సరైన చోటికి చేరిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా అని చూడటానికి వార్డులోనే పోర్టబుల్ ఎక్స్‌రే తీస్తారు. ఆ చిత్రంలో గొట్టం కొస తప్పనిసరిగా కనబడాలి, లేకపోతే తీసిన ఫలితం శూన్యం. ఎమ్మారైలో వాడే గడోలినియం మందుల్లో పాత రకం కొన్నింటికీ, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో చర్మం బిగుసుకుపోయే అరుదైన జబ్బుకూ సంబంధం ఉందని 2006లో బయటపడిన తర్వాత, మూత్రపిండాల గురించిన ఆ ప్రశ్నలు ఎమ్మారై గదిలోకి కూడా వచ్చాయి.

మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కినట్టు, మూత్రం వచ్చేసినట్టు అనిపిస్తుందని ముందుగా చెప్పడం చాలామంది మరిచిపోయే చిన్న మాట. చెప్పకపోతే రోగి బెదిరి కదులుతాడు, సరిగ్గా మందు రక్తనాళాల్లో నిండే ఆ కొద్ది సెకన్ల చిత్రం చెడిపోతుంది, అది మళ్ళీ కావాలంటే మందు మళ్ళీ ఎక్కించాలి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న మనిషి విషయంలో అదెంత ఖరీదైన మరుపో వేరే చెప్పనక్కరలేదు.

ఆడవారిని అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. పొట్ట, నడుము, కటి భాగాల ఎక్స్‌రేకు ముందు గర్భం ఉందేమో తెలుసుకోవాలి. ‘గర్భవతా?’ అని హాలంతా వినబడేలా అడిగితే, అత్తగారు పక్కనే నిలుచుని ఉన్న కొత్త కోడలు, ఉన్నా లేదనే అంటుంది. తోడు వచ్చినవారిని బయట కూర్చోబెట్టి, వీలైతే నర్సు చేత, ‘నెల తప్పిందామ్మా? ఆఖరిసారి బయటికి ఎప్పుడు చేరావు?’ అని మెల్లిగా అడిగిస్తే నిజం తెలుస్తుంది. రేడియేషన్ గుర్తుతో గర్భిణుల హెచ్చరిక బోర్డు గోడకు తగిలించి ఊరుకుంటే చాలదు, దాన్ని చదవలేని వారే ఆ వరుసలో ఎక్కువ.

రేడియోగ్రాఫర్ రోగం చెప్పకూడదు. చిత్రం చదివి నివేదిక ఇచ్చే అధికారం రేడియాలజిస్టుది. ‘ఏటుంది బాబూ?’ అని రోగి ఆత్రంగా అడిగినప్పుడు, డాక్టరుగారు చూసి చెబుతారని చెప్పడం తప్పించుకోవడం కాదు, తొందరపడి అన్న ఒక్క మాట ఒక కుటుంబాన్ని రాత్రంతా నిద్ర లేకుండా చేయగలదు. అయితే చెప్పకూడదంటే చూడకూడదని అర్థం కాదు. ఉద్దానంలో కొబ్బరి చెట్టు మీంచి జారి కాళ్ళ మీద పడినవారికి మడమ ఎముక చితకడం సాధారణం. అదే దెబ్బ పైకి ప్రాకి నడుము వెన్నుపూస కూడా నలగవచ్చు. మడమకే చీటీ రాసి పంపినా, ఎముక విరిగినట్టు కంటబడిన రేడియోగ్రాఫర్ వెంటనే క్యాజువాలిటీ డాక్టరుకు ఫోను చేసి, వెన్నుకు కూడా తీయాలా అని అడిగితే, ఆ రోగిని మళ్ళీ స్ట్రెచర్ ఎక్కించే బాధ తప్పుతుంది. టెక్కలి ప్రాంతపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసిన మనిషి ఛాతీ ఎక్స్‌రే చీటీ మీద అతని పని ఏమిటో రాసి పంపడమూ ఇలాంటిదే. రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్, క్షయ రెండూ ఊపిరితిత్తుల పై భాగాన్నే ఎక్కువగా పట్టుకుంటాయి కనుక, చదివే డాక్టరుకు ఆ ఒక్క మాట చాలా సాయపడుతుంది.

ఇక ఎక్స్‌రే తీసేవారి సొంత రక్షణ. 1895లో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనుగొన్నాక తొలి దశాబ్దాల్లో, యంత్రం పనిచేస్తోందా అని తమ చేతినే అడ్డుపెట్టి చూసుకున్నవారు వేళ్ళు పోగొట్టుకున్నారు, కొందరు క్యాన్సర్‌తో చనిపోయారు. అలాంటివారి స్మృతికి 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక స్తంభం నిలిపారు. ఈనాటి నిబంధనలు ఆ అనుభవం మీదే నిలిచాయి. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి లెక్క ప్రకారం, ఈ వృత్తిలోని వారికి వరుస ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకుండా పరిమితి. సాధారణ ప్రజలకు ఏడాదికి 1. పోలిక కోసం చెప్పాలంటే ఒక ఛాతీ ఎక్స్‌రే మోతాదు 0.02 మిల్లీసీవర్టుల ప్రాంతంలోనూ, పొట్ట సీటీ 8 నుంచి 10 ప్రాంతంలోనూ ఉంటాయి. నేల నుంచీ, ఆకాశం నుంచీ, గాలి నుంచీ మనిషికి సహజంగా అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. శ్రీకాకుళం తీరపు ఇసుకలో, రేడియేషన్ వెలువరించే థోరియం ఉన్న మోనజైట్ ఖనిజం ఉందన్న సంగతి ఇక్కడి వారికి కొత్త కాదు గనుక, రేడియేషన్ ఎక్స్‌రే గదిలో మాత్రమే పుట్టే వింత కాదని వారికి వివరించడం సులభమే.

ఛాతీ దగ్గర, సీసపు ఏప్రాన్ లోపల పెట్టుకునే టి.ఎల్.డి. బ్యాడ్జిలోని చిన్న బిళ్ళలు తమ మీద పడిన రేడియేషన్‌ను దాచుకుని, వేడి చేసినప్పుడు వెలుగు రూపంలో తిరిగి ఇస్తాయి. ఆ వెలుగును కొలిచి మూడు నెలలకోసారి లెక్క కడతారు. డ్యూటీ అయ్యాక దాన్ని రేడియేషన్ లేని చోట ఉంచాలి. సొరుగులోనే వదిలేసిన బ్యాడ్జి సున్నా చూపిస్తుంది, యంత్రం గదిలో మరిచిపోయినది ఎవరికీ తగలని మోతాదు చూపిస్తుంది, రెండూ అబద్ధాలే. ఏప్రాన్‌ను మడిచి కుర్చీ మీద పడేస్తే లోపలి సీసపు పొర పగులుతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. వీటన్నిటికన్నా చవకైన రక్షణ దూరం. దూరం రెండింతలైతే తగిలేది నాలుగో వంతుకు పడిపోతుంది. వార్డులో పోర్టబుల్ తీసేటప్పుడు మీట ఉన్న తీగను పూర్తిగా లాగి రెండు మీటర్లకు పైగా జరగడం, పక్క మంచాల వారిని, తోడున్నవారిని కాసేపు బయటికి పంపడం ఇందుకే. కదిలే పసివాడిని ఎవరో ఒకరు పట్టుకోక తప్పనప్పుడు, రోజూ ఆ గదిలో ఉండే సిబ్బంది కాకుండా, ఏప్రాన్ తొడిగించి తల్లినో తండ్రినో పట్టుకోమనాలి. ఆ తల్లి గర్భిణి కాకూడదు.

ఎమ్మారైలో రేడియేషన్ లేదు గానీ, అక్కడి ప్రమాదం మరో రకం. 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత క్షేత్రం కన్నా దాదాపు ముప్పై వేల రెట్లు బలమైనది, స్కాన్ జరగనప్పుడు కూడా ఆగదు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్లిన రోగి బంధువు ప్రాణం కోల్పోయాడు. మొలతాడుకు కట్టిన తాళంచెవి, తాయెత్తు రేకు, జడపిన్నులు కూడా అడిగి తీయించవలసినవే.

ఆసుపత్రి తప్పు వల్ల కాక వ్యవస్థ వల్ల పడే రెండో ఫొటో కూడా ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆపరేషన్‌కు అనుమతి రావాలంటే చిత్రాల ఆధారం పంపాలి గనుక, ఈ శాఖ మీద పని భారం పెరిగింది. టెక్కలిలో తీసిన ఎక్స్‌రే శ్రీకాకుళంలో మళ్ళీ, విశాఖపట్నంలో మరోసారి తీస్తున్నారంటే, చాలాసార్లు పాత చిత్రం రోగితో ప్రయాణం చేయకపోవడమే కారణం. ఫిల్మును కిటికీకి ఆనించి ఫోనులో తీసి వాట్సాప్‌లో పంపిన బొమ్మలో సన్నని పగులు కనబడదు. అసలు డిజిటల్ ఫైలును సీడీలోనో, ఆసుపత్రుల మధ్య కలిపే వ్యవస్థలోనో అందించడం అలవాటైతే, రేడియోగ్రాఫర్ ఎంత నైపుణ్యం చూపినా తగ్గించలేని ఈ మోతాదు తగ్గుతుంది.

అల్ట్రాసౌండ్ మాత్రం ఈ వృత్తిలోకి రాదు. లింగ నిర్ధారణను అరికట్టే 1994 నాటి చట్టం కింద దాన్ని అర్హులైన డాక్టర్లే చేయాలి. ఈ వృత్తి చదువులకు, రిజిస్ట్రేషన్‌కు దేశమంతటా ఒకే ప్రమాణం ఉండేలా 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం, ఇమేజింగ్ టెక్నాలజిస్టులను ప్రత్యేక వర్గంగా గుర్తించింది. డార్క్ రూమ్ అసిస్టెంటు అనే పోస్టు పేరు ఇంకా వినబడే చోట ఈ గుర్తింపు రావడం న్యాయం.

రాత్రి డ్యూటీలో చాలా ఆసుపత్రుల్లో ఈ పనంతా ఒక్క మనిషే చూసుకోవాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీ గుద్దిన బైకు వారు, పక్షవాతం వచ్చిన గంటకు ఆంబులెన్స్‌లో చేరిన ముసలాయన ఒకేసారి వస్తారు. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, మెదడులో రక్తస్రావం లేదని సీటీ తేల్చాకే అది ఇవ్వాలి, అందుకని సీటీయే ముందు. విరిగిన కాలు స్ప్లింటుతో కాస్త ఆగగలదు. ఆ హడావుడిలో అందరికన్నా ముందు మరిచిపోయేది కుడి ఎడమల గుర్తు. తర్వాత కంప్యూటర్లో ‘ఆర్’ అనో ‘ఎల్’ అనో టైపు చేయవచ్చు గానీ, తెర మీద చిత్రం తిరగబడి ఉన్నా ఆ టైపు చేసిన అక్షరం ఏమీ ఎరగనట్టు నిటారుగానే కనబడుతుంది. ఎక్స్‌రే పడకముందే డిటెక్టరు మూలన అంటించిన సీసపు అక్షరం మాత్రం చిత్రంతోపాటే పుట్టి, అది తిరగబడితే తానూ తిరగబడుతుంది. ఆ అక్షరం జేబులో లేకుండా రాత్రి డ్యూటీకి రాకూడదని పాతవారు కొత్తవారికి మొదటి వారంలోనే చెబుతారు.